ప్రొజెక్టరు నుదుటి బొట్టు

రెండువేల ఆరో సంవత్సరం, తమిళుల ఆవణి నెలలో ఒక ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు విరుదునగర్‌లో ఒక కల్యాణ మండపం ముందు మా చిన్న కూతురూ నేనూ ఆటో దిగాం. నిమిషాలతో సహా ఎలా గుర్తుందంటే, మండపం గోడకు పెద్ద గడియారం ఉంది. ముళ్లు చూసి గంట చెప్పడం అప్పటికి నాకు కొత్త. కొత్త చెప్పులు వేసుకున్న పిల్ల వీధంతా తిరిగినట్టు, ఎక్కడ గడియారం కనబడినా నేను దాన్ని పైకి చదివేదాన్ని.

అక్షరాలూ అంతే. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీ పని మానేశాక, యాభై దాటాక, రాత్రి బడిలో తమిళం నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు ఆ తర్వాత, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మా పెద్దకోడలు నేర్పింది. పుట్టినప్పటి నుంచి ఇంట్లో మాట్లాడిన భాషను ముసలితనంలో రాయడం నేర్చుకోవడం ఎలా ఉంటుందంటే, కాపురమంతా చేసి చివర్లో మొగుడి పేరు అడిగి తెలుసుకున్నట్టు ఉంటుంది. ఇక ఇందులో ఎవరి పేరూ రాయను. రాస్తే ఒక్కొక్కరూ బస్సెక్కి మా ఇంటికి పోట్లాటకు వస్తారు. కొందరు బతికి లేరు. వాళ్లు కూడా వస్తారని నా భయం.

నా ఒడిలో ఉన్నది డిజిటల్ ప్రొజెక్టరు. మా చిన్నది పనిచేసే వీడియో అంగడి ముదలాళిది, అంటే యజమానిది. స్టేజీ మీద జరిగేది కెమెరాలో పడితే, అది వైరులో నుంచి ఈ పెట్టెలోకి వచ్చి, ఈ పెట్టె దాన్ని ఇంత పెద్ద తెల్లగుడ్డ మీద వేస్తుంది. వెనక వరసలో కూర్చున్నవాళ్లు కూడా పెళ్లికూతురి ముక్కుపుడక చూడొచ్చు. ఆ రోజుల్లో అది కొత్త గొప్ప. వంటవాడి కంటే ముందు ప్రొజెక్టరును మాట్లాడుకునేవాళ్లు.

ఆరోజు ముదలాళికి రెండు పెళ్లిళ్లు కలిసొచ్చాయి. పెద్ద పెళ్లి అరుప్పుకోట్టైలో. దానికి ఆయన పోయాడు. విరుదునగర్ పెళ్లికి ముందురోజు సాయంత్రం జరిగే రిసెప్షన్ మా చిన్నదానికి వదిలాడు. వదులుతూ చెప్పిన మాట ఇది: "ఈ ఒక్కటి నువ్వు ఒంటిగా ముగించుకోని వచ్చినావంటే, ఇకమీద ప్రొజెక్టరు పనంతా నీదే. పెండ్లోళ్ల తావున్నుంచి ఒక్క మాట వచ్చిందా, అంగట్లో కూచోని క్యాసెట్లకు కాయితాలు అంటించుకో."

కాయితాలు అంటించడానికైతే అగ్గిపెట్టెల కంపెనీకే తిరిగి పోతానని మా చిన్నది ఇంట్లో చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషి అది, నా కడుపున పుట్టింది కదా. ఆ కంపెనీలో నా వేళ్లు ఎలా అయ్యాయో నాకు తెలుసు. మందు వాసన జుట్టులోంచి పోవడానికి నాకు పట్టినంత కాలం దానికి మళ్లీ పట్టకూడదని నా పట్టుదల. పొద్దుపోయాక ఆడపిల్లను ఒంటరిగా పంపకూడదని ముదలాళి నన్ను కావలికి తోడిచ్చాడు. కావలి పిల్లకా, పెట్టెకా అని నేను అడగలేదు. పెట్టెకే అని తెలుసు.

బస్సులో పెట్టెను కింద పెట్టనివ్వలేదు మా చిన్నది. అదురుకు లోపలి లైటు పోతుందట. సాత్తూరు దాటేదాకా ఒడిలోనే పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు తమిళంలో అడిగాడు, సామానుకు టికెట్టు తీసుకోవాలి పాటీ అని. పాటీ అంటే అవ్వ. ఇది సామాను కాదయ్యా, నా మనవడు అన్నాను. మరి ఏడవడేం అన్నాడు. కరెంటు పెడితే ఏడుస్తాడు అన్నాను. టికెట్టు అడగలేదు, సీటు మారి ఇంకొకరి మీద పడ్డాడు.

మండపంలో మమ్మల్ని ఎదుర్కొన్నది పెళ్లికొడుకు మేనమామ. మిరపకాయల వ్యాపారి. మాట్లాడితే ముక్కు చీదాల్సి వచ్చేంత ఘాటు మనిషి. మా చిన్నదాన్ని పైనుంచి కిందికి చూసి, "మగోళ్లెవురూ రాలేదా?" అన్నాడు.

"మిసిను వచ్చిందే, మామా. అది చాలదా?" అంది చిన్నది.

ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. నడిమధ్య దారిలో బల్ల వేసి పెట్టెను పెట్టబోతే, అక్కడ సంబంధులు నడిచే దారి, కుదరదన్నాడు. పక్కన పెడితే అక్కడ నాదస్వరం వాళ్లు. చివరికి తెర వెనక పెట్టుకోమన్నాడు. స్టేజీకి ఒక పక్కగా తెల్లగుడ్డ కట్టి, దాని వెనక, బియ్యం మూటలూ అరిటాకుల కట్టలూ ఉన్న చోట మాకు జాగా దొరికింది. నాకది అనుకూలమే. మొగుడు పోయిన ఆడది పెళ్లి ముందురోజు ముందు వరసలో తిరగకూడదని నాకెవరూ చెప్పలేదు, చెప్పనక్కరలేదు కూడా. తెర వెనక చాప వేసుకుని కూర్చున్నాను.

తెర కూడా వాళ్లే ఇచ్చారు. రెండు కొత్త పంచెలు కలిపి కుట్టారు. జరీ అంచు విప్పడానికి ఎవరికీ మనసు రాలేదు కాబట్టి తెర నడుమ నిలువునా జరీ గీత. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ అటొకరూ ఇటొకరూ నిలబడితే సరిపోతుందని మా చిన్నది సమాధానపడింది.

అది పని చేస్తుంటే చూడాలి. బల్ల మీద పెట్టెను పెట్టింది. కింద కాళ్లకున్న మరలు తిప్పి మూతి కాస్త పైకెత్తింది. అయినా చాలకపోతే పెళ్లిపత్రికల కట్ట ఒకటి తెచ్చి కింద దోపింది. స్టేజీ దగ్గర మూడుకాళ్ల మీద వీడియో కెమెరా. దానినుంచి పొడుగు వైరు. పసుపుపచ్చ పిన్ను పసుపుపచ్చ రంధ్రంలోకే పోవాలి, తెల్లదాంట్లో పెడితే బొమ్మ రాదు. వైరు జనం కాళ్లకు తగలకుండా జంపఖానా కిందుగా తోసింది. పెట్టె పైనున్న బటన్లు వాడి వాడి లోపలికి దిగబడిపోయాయి. వెలిగించేదీ ఆర్పేదీ ఒక్కటే మిగిలింది. మిగతా పనులన్నీ రిమోటు చేతిలోనే. దాన్ని పెట్టె పక్కనే పెట్టి, వైరు చివర సరిచూడటానికి స్టేజీ దగ్గరకు పోయింది.

అప్పుడు వచ్చింది పెళ్లికొడుకు నాయనమ్మ. చేతిలో గంధం గిన్నే కుంకుమ పళ్లెమూ. తొంభైకి దగ్గర పడుతున్న మనిషి, ఇంకా ముత్తైదువే. మొగుడు ముందు వరసలో కుర్చీలో నిద్రపోతున్నాడు. మండపంలోకి కొత్తగా వచ్చిన ప్రతిదానికీ ఆమె బొట్టు పెడుతోంది. అన్నం అండాలకు పెట్టింది, గ్రైండరుకు పెట్టింది, జనరేటరుకు పెట్టి చెయ్యి కాల్చుకుంది. ఇప్పుడు తెర వెనకకు వచ్చింది.

"ఏమమ్మా, ఇది కొత్త మిసినా? బొట్టు లేకుండానే లోపలికి తెచ్చినారే."

"ఇప్పుడే తెచ్చినాము పెద్దమ్మా," అన్నాను.

ఆమె వంగి పెట్టె ముందు నిలబడి అద్దం వైపు చూసింది. "ఇది కన్ను. అట్టయితే నుదురు ఇదే." కన్నుకు పైన చిన్న నల్లగాజు పలక ఒకటి ఉంది. దేవుడు నుదురు పెట్టి పంపినట్టే ఉంది అది. దాని నిండా గంధం మెత్తి, నడుమ కుంకుమ పెట్టింది. తర్వాత రిమోటు ఎత్తుకుంది. "ఇదేమి?"

"దాంది పిల్ల అనుకో పెద్దమ్మా."

"తల్లికి పెట్టి పిల్లకు పెట్టకుంటే ఊరుకుంటుందా," అని దాని మూతికీ గంధం మెత్తింది. ఆమె వేలు సన్నమైనదేమీ కాదు.

మా చిన్నది తిరిగి వచ్చి బొట్లు చూసింది, చెంపలేసుకుంది. నేనూ బాగుందనుకున్నాను. బస్సుకు పెడతాం, తక్కెడకు పెడతాం, కుట్టుమిషనుకు పెడతాం. దీనికి మాత్రం పెట్టకూడదని ఎవరికి తోస్తుంది?

ఆరు కావస్తుండగా వెలిగించింది. లోపల ఫ్యాను రొద చేసింది, తెర నీలంగా మారింది, నీలంలో ఇంగ్లీషు అక్షరాలేవో వచ్చి పోయాయి, ఆ తర్వాత పేర్లు పడ్డాయి. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురి పేరు, నడుమ గులాబీ పువ్వు. మా చిన్నది ముందే క్యాసెట్టులో ఎక్కించి తెచ్చింది. నేను తెర వెనక నుంచి చక్కగా చదువుకున్నాను. చదవగలిగినందుకు సంతోషపడి, జనం ఎలా చూస్తున్నారో చూద్దామని గుడ్డ పక్కనుంచి తల బయటపెట్టి, ముందు వైపు నుంచి మళ్లీ చదవబోయాను. ఒక్క అక్షరం గుర్తు పట్టలేకపోయాను. ఇవి మా రాత్రి బడిలో ఇంకా చెప్పని అక్షరాలేమో అనుకున్నాను. మనిషికి చదువు ఆలస్యంగా వస్తే ఇదే చిక్కు, ప్రపంచంలో ఏది తలకిందులైనా ముందు తన తలనే అనుమానిస్తుంది.

కాదు, పేర్లే తిరగబడ్డాయి. గుడ్డకు వెనక నుంచి వేస్తే ముందునుంచి అద్దంలో చూసినట్టు పడుతుంది. రిమోటుతో లోపల ఒక మార్పు చేస్తే సర్దుకుంటుంది. మా చిన్నదానికి అది తెలుసు. రిమోటు తీసి నొక్కింది. మళ్లీ నొక్కింది. పెట్టె పట్టించుకోలేదు.

మేనమామ తెర వెనకకు ఊడిపడ్డాడు. "పేర్లు తిరగబడిండాయి. రేపు తాళి కట్టబోతా ఉంటే నేడు పేర్లు తిరగబడితే ఏమని అర్తం?"

"ఒక్క నిమిసం మామా. రిమోటు పలకలేదు."

"నాకు రిమోటు కత చెప్పొద్దు. పీకెయ్యి. మీ ముదలాళికి నేను పోను చేస్తా," అని ప్లగ్గు వైపు చెయ్యి చాపాడు.

మా చిన్నది ఆ చేతికి అడ్డంగా నిలబడింది. "పీకొద్దు మామా. లైటు ఆర్పినాక కూడా ఫ్యాను తనంత తానే నిలవాల. ఇప్పుడే పీకితే లైటు పగిలిపోతుంది. అది పోతే మిసినే పోయినట్టు."

ఆయన వినిపించుకోలేదు, ఫోను వెతుక్కుంటున్నాడు. ఒక్క మాట, ముదలాళి అన్న ఆ ఒక్క మాట, ఆయన జేబులోంచి బయటికి వస్తోంది.

సందడికి ఫోటోలు తీసే అబ్బాయి కూడా వచ్చాడు. అబ్బాయి అంటున్నాను గానీ బట్టతల. బ్యాటరీ పోయుంటుందన్నాడు. తన ఫ్లాషులోంచి రెండు బ్యాటరీలు తీసి, కన్యాదానం చేస్తున్నంత బాధగా ఇచ్చాడు. మార్చారు. పెట్టె అలాగే ఉంది. పేర్లు అలాగే ఉన్నాయి. బయట ఎవరో అది మలయాళం కాబోలు అనడం వినబడింది.

మా చిన్నది అప్పుడు ఒక పని చేసింది. రిమోటు పట్టుకుని వీడియో కెమెరా దగ్గరకు పోయి, దాని మూతిని కెమెరాకు చూపిస్తూ నొక్కింది. రిమోటులోంచి వచ్చే వెలుగు మన కళ్లకు కనబడదు, కెమెరా చిన్న తెరలో మాత్రం వంకాయరంగు చుక్కలా కనబడుతుంది. చుక్క రాలేదు. అది రిమోటును తిప్పి, దాని మూతి వైపు చూసింది. ఫ్యాను వేడికి ఎండి గట్టిపడిన గంధం. మీద కుంకుమ. తిరిగి వచ్చి మెల్లగా చెప్పింది.

"అమా, బొట్టు తీయాల. వెలుగు ఈ మూతిలోంచే పోవాల. గందం కప్పుకోనుండాది."

నాయనమ్మ పళ్లెం పట్టుకుని అక్కడే ఉంది. "పెట్టిన బొట్టు తుడుస్తారా? పెండ్లింట్లోనా?" అంది. కోపంగా కూడా కాదు, అలాంటి సంగతి వినడం ఆమెకు మొదటిసారి.

మేనమామ ఒకడుగు వెనక్కి వేశాడు. ప్లగ్గు పీకడానికి జంకని చెయ్యి ఇప్పుడు వీపు వెనక దాక్కుంది. ఫోటోల అబ్బాయి సంచిలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. మా చిన్నది బొటనవేలు బొట్టు దాకా పోయి ఆగింది. పెళ్లి కావాల్సిన పిల్ల, ఊరు కాని ఊరు. రేపు ఆ దంపతులకు జలుబు చేసినా ఫలానా పిల్ల బొట్టు తుడిచిందంటారు.

నేను చాప మీదనుంచి లేచాను. నా మొగుడు పోయినప్పుడు నా నుదురు తుడవడానికి వీధంతా ఎగబడింది. నువ్వా నేనా అని తోసుకున్నారు. ఇప్పుడు ఒక ప్లాస్టిక్కు ముక్కను తుడవడానికి ఒక్క చెయ్యి లేవడం లేదు.

"ఇట్టా ఇయ్యే," అని రిమోటు లాక్కున్నాను. పక్కనున్న నీళ్ల చెంబులో వేలు ముంచి, గంధం నానబెట్టి, కొంగుతో తుడిచాను. గట్టిగానే తుడిచాను.

"ఏమమ్మా, నువ్వు..." అని మేనమామ మొదలుపెట్టాడు. మిగతాది మింగాడు. ఏం మింగాడో నాకు తెలుసు.

"దీనికేమి మామా, మొగుడుండాడా, పోయేదానికి?" అన్నాను.

నాయనమ్మ నా వైపు చూసింది. నా నుదురు చూసింది, రిమోటు చూసింది. ఆ తర్వాత ఆమెకు నవ్వు వచ్చింది. పళ్లు లేని నోటితో, పళ్లెంలో కుంకుమ కదిలేలాగా నవ్వింది. నవ్వు ఆగాక తమ్ముడితో అన్నట్టు మేనమామతో అంది: "నువ్వు మగోడివి కదా, నువ్వు తుడిచింటే ఆమె ఎందుకు ముట్టేది? గమ్మునుండు."

మా చిన్నది రిమోటును మళ్లీ కెమెరాకు చూపించి నొక్కింది, వంకాయరంగు చుక్క కనబడింది. తెర దగ్గరకు వచ్చి నొక్కితే పెట్టె ఇంకా పలకలేదు. మా చిన్నది పెట్టె నుదుటి వైపు చూసి, నా చెవిలో చెప్పింది. ఆ నల్లగాజులోంచే పెట్టె రిమోటు మాట వింటుందట.

"తల్లిది కూడా తీసెయ్యి," అంది నాయనమ్మ తానే. "పిల్లది తీసినాక దానికి మాత్రం ఎందుకు?"

దాన్నీ తుడిచాను. పక్కనున్న కన్ను మీదికి కొంగు పోబోతే మా చిన్నది నా చెయ్యి పట్టుకుంది. "అమా, అద్దం ముట్టొద్దు, గీత పడుతుంది." అంత సేపు భయంతో చచ్చిన పిల్లకు గొంతు తిరిగి వచ్చింది, అదీ నన్ను కసరడానికి.

రిమోటు నొక్కింది. తెర మీద పట్టీలు వచ్చాయి, అందులో ఏదో మార్చింది. మొదట పేర్లు గబ్బిలాల్లాగా తలకిందులుగా వేలాడాయి. బయట జనం ఓ అన్నారు. మళ్లీ నొక్కింది. నిలబడ్డాయి, ముందువైపు నుంచి సరిగ్గా నిలబడ్డాయి. నాయనమ్మ ఊరుకోలేదు, రెండింటికీ బొట్టు మళ్లీ పెట్టి తీరాలంది. మా చిన్నది వేలు పెట్టి చోటు చూపించింది, "ఇక్కడ పెట్టవ్వా, వీపు మీద. గాలి పోయే సందులు వదిలిపెట్టి." రిమోటుకు తోక వైపు పెట్టారు.

ఆ తర్వాత రెండు గంటలూ ఏ చిక్కూ రాలేదు. పెళ్లికూతురి ముక్కుపుడక గోడంత కనబడింది. పెళ్లికొడుకు ఆవలించడం కూడా గోడంత కనబడింది. మా చిన్నది కెమెరా దగ్గరా తెర దగ్గరా తిరుగుతూనే ఉంది, నేను ఆకుల కట్ట మీద ఆనుకుని చూశాను, వెనక నుంచి, అన్నీ ఎడమా కుడీ మారిపోయి.

ఎనిమిది దాటాక అరుప్పుకోట్టై నుంచి ముదలాళి వచ్చాడు. నుదుటి నిండా విభూతి, రెండు వేళ్లకు ఉంగరాలు. మేనమామ ఆయన్ని తెర వెనకకే తీసుకొచ్చాడు. "ఆట బాగుండింది. పిల్ల పని తెలిసిందే. అయితే ఆ తల్లి ఉండాదే..." అని, జరిగింది చెప్పాడు. ఒక్క మాట అన్నది ఇలా వచ్చింది, దాని మీద కాదు, నా మీద.

ముదలాళి మా చిన్నదాని వైపు తిరిగాడు. అది పెట్టె ఆర్పి, ప్లగ్గు మీద చెయ్యి పెట్టుకుని ఫ్యాను కోసం ఆగి ఉంది. ఆయన పిలిచినా కదల్లేదు. "నిలవనీ ముదలాళీ," అంది. ఫ్యాను నిలిచేదాకా ఆయన, మేనమామ, నేను అందరం నిలబడ్డాం. అది నిలిచాక ప్లగ్గు తీసి చెప్పింది. "రిమోటుకు ముందర ఏదీ అడ్డం ఉండకూడదని మీరే కదా చెప్పినారు. బొట్టు అడ్డం ఉండింది. ఎవురో ఒకరు తీయాల. అమ్మ తీసింది."

ఆయన విభూతి గోక్కున్నాడు. మేనమామ వైపు చూశాడు, నా వైపు చూడలేదు.

"పెట్టె ఇకమీద నీ దగ్గిరే ఉండనీ," అన్నాడు. "వచ్చే వారం సాత్తూరు. మీ అమ్మను మాత్రం పిలుచుకోని రావొద్దు."

"అట్టయితే బొట్టు ఎవురు తీస్తారు?" అంది మా చిన్నది, వైరు చుడుతూ.

సాత్తూరుకు నేను పోయాను.

ఆ సాయంత్రం ఆ మండపంలో ఉన్నవాళ్లు: పెళ్లికొడుకు, పెళ్లికూతురు, ఇప్పుడు వాళ్లకు ఇద్దరు పిల్లలు, జలుబు తప్ప ఏమీ రాలేదని విన్నాను. పెళ్లికొడుకు నాయనమ్మ. కుర్చీలో నిద్రపోతూ ఏదీ చూడని ఆమె మొగుడు. మేనమామ. బ్యాటరీలు తిరిగి అడిగి తీసుకున్న ఫోటోల అబ్బాయి. చోటు ఇవ్వని నాదస్వరం వాళ్లు. ఆకుల కోసం వచ్చినప్పుడల్లా నన్ను లేపిన వంటవాడు. మలయాళం అన్న ఆయన, ఆయనెవరో తెలియదు. చివర వచ్చిన ముదలాళి. భోజనానికి వచ్చి తెర చూసి పోయిన ఊరి జనం. మా చిన్నది. నేను.